డాక్టరమ్మను అడగండి: ఆ ఆవు సంతకు ఎందుకొచ్చింది?

(చిత్తూరు జిల్లా పడమటి మండలాల పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన డాక్టరమ్మ, పశువుల కొనుగోలు, అమ్మకాల గురించి పాఠకులు రాసిన ఉత్తరాలకు ఇస్తున్న జవాబులు.)

ప్రశ్న: డాక్టరమ్మా, మాది పాకాల దగ్గర పల్లె. డ్వాక్రా లోను చేతికొచ్చింది. పుంగనూరు సంతలో ఒక హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్ జాతి) ఆవును చూశాం. రెండో ఈత, పూటకు 10 లీటర్లు ఇస్తుందని 85 వేలు చెబుతున్నారు. పొదుగు నిండుగా ఉంది. మా ఆయన కొనేద్దామంటున్నారు. నాకే టెన్షన్‌గా ఉంది. ఏం చూసి కొనాలి?

నీ టెన్షన్ న్యాయమైందేనమ్మా. దాన్ని అలాగే ఉంచుకుని సంతకు వెళ్లు. పాలు ఎన్ని అని అడిగే ముందు ఇంకోటి అడగాలి. పూటకు 10 లీటర్లు ఇచ్చే రెండో ఈత ఆవును ఆ మనిషి ఎందుకు అమ్ముకుంటున్నాడు? కూతురి పెళ్లి, గడ్డి కరువు, ఇంట్లో చేసేవాళ్లు లేకపోవడం, ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ ఆవు తిరగపొర్లుతున్నా (చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకొస్తున్నా), పోయినసారి ఈసుకుపోయినా (చూలు పోయినా), ఒక చన్ను పోయినా, పిండేటప్పుడు తన్నుతున్నా తోలుకొచ్చేది ఆ సంతకే. కారణం తెలియకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు. దళారిని అడిగితే లాభం లేదు. అతనికి ఆవు ఆ తెల్లవారుజామునే పరిచయమై ఉంటుంది. ఆవు ఏ ఊరిదో కనుక్కుని, వీలైతే ఆ ఊరి పాలకేంద్రంలో ఒక మాట అడుగు. ఆ ఇంటి నుంచి రోజూ ఎన్ని పాలు పోస్తున్నారో అక్కడ రాసి ఉంటుంది.

నిండుగా ఉన్న పొదుగు గురించి. ముందు రోజు సాయంత్రం పిండకుండా వదిలేస్తే ఏ పొదుగైనా నిండుగానే కనిపిస్తుంది. అందుకే సంతలో మొదట పిండిన పాలను లెక్కలోకి తీసుకోవద్దు. అవి రెండు పూటలవి కావచ్చు. ఆ తర్వాత పన్నెండేసి గంటల ఎడంతో రెండు పూటలు, నీ కళ్ల ముందు, నీ క్యానులోకే పిండించు. సంతలో అది కుదరదు, అమ్మేవాళ్ల కొట్టానికే వెళ్లాలి. ‘వద్దమ్మా, మా మీద నమ్మకం లేదా’ అని నొచ్చుకునేవాళ్ల దగ్గర అసలు కొనొద్దు. నిజంగా పాలిచ్చే ఆవు ఉన్నవాళ్లకు పిండి చూపించడం సంబరంగా ఉంటుంది.

పిండాక పొదుగును చేత్తో పట్టి చూడు. మెత్తబడి, ముడతలు పడాలి. ముందెంత ఉందో తర్వాతా అంతే ఉంటే అది కండ పొదుగు, చూపుకే తప్ప పాలకు పనికిరాదు. నాలుగు చన్నుల్లోనూ ధార సమానంగా రావాలి. ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్లటి గుడ్డ మీద పిండితే, పొదుగువాపు ఉన్నచోట విరిగినట్టు తునకలు కనిపిస్తాయి. ఇంజెక్షన్ ఇస్తే తప్ప చేపని, అంటే పాలు దింపని ఆవులుంటాయి. పిండే ముందు ఎవరైనా సిరంజి పట్టుకుని ఆవు వెనక్కి వెళ్తే నువ్వు కూడా వెళ్లు.

రెండో ఈత అన్నారు కదా, నోరు తెరిపించు. పాలపళ్లు పోయి మొదటి జత పెద్దపళ్లు రెండు, రెండున్నరేళ్లకు వస్తాయి. తర్వాత జతజతగా వస్తూ నాలుగున్నర, ఐదేళ్లకు ఎనిమిదీ పూర్తవుతాయి. రెండో ఈత సంకరజాతి ఆవుకు ఆరు పళ్లో, కొత్తగా నిండిన ఎనిమిది పళ్లో ఉండాలి. పళ్లు అరిగి మొద్దుబారి ఉంటే అది నాలుగో ఈతో, ఐదో ఈతో. కొమ్ములు చెక్కి నూనె రాసినంత మాత్రాన పళ్లు మాట మార్చవు.

ఎప్పుడు ఈనిందో కూడా అడుగు. ఈనాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు పాలు పైకెక్కి, అక్కడి నుంచి మెల్లగా దిగుతాయి. ఈని పదిహేను రోజులై 10 లీటర్లు ఇస్తుంటే ఇంకా పెరుగుతుంది. రెండు నెలలకు 10 ఇస్తుంటే ఇక తగ్గడమే. దూడ ఆ ఆవుదేనా అన్నదీ చూడు. తన దూడయితే నాకుతుంది, చన్ను అందిస్తుంది. పరాయి దూడను కట్టి తాజాగా ఈనిందని చెప్పేవాళ్లు ఉన్నారు.

చివరగా డబ్బు లెక్క. పాలకేంద్రంలో లీటర్లు చూసి మాత్రమే డబ్బివ్వరు, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఘనపదార్థాల) శాతం చూస్తారు. ఆవు పాలకు చట్టం పెట్టిన కనీస ప్రమాణం వెన్న 3.2, ఎస్ఎన్ఎఫ్ 8.3. హెచ్ఎఫ్ పాలు జాస్తిగా ఇచ్చినా చాలాసార్లు ఈ గీత దగ్గరే ఊగుతుంటాయి. జెర్సీ సంకరం పాలు తక్కువైనా చిక్కన. ఒక పూట పాలను ఊళ్లో కేంద్రంలో టెస్టు పెట్టించి, మీ ఊరి రేటుతో గుణించి, అప్పుడు 85 వేల మాట మాట్లాడు. మీ ఆయనకు కూడా ఈ లెక్క కాగితం మీద రాసి చూపించు.

ప్రశ్న: చంద్రగిరి నుంచి రాస్తున్నాను మేడమ్. రోడ్ల మీద పట్టి బందెలదొడ్డిలో పెట్టిన ఆవులను వేలం వేస్తారని విన్నాను. చౌకగా వస్తాయా? పాట పాడాక వద్దనుకుంటే వెనక్కి తగ్గొచ్చా?

1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఇంకా ఉంది. పట్టిన పశువు కోసం యజమాని ఏడు రోజుల్లో రాకపోతే చాటింపు, నోటీసు వేస్తారు. ఆ తర్వాత మరో ఏడు రోజులకూ రాకపోతే బహిరంగ వేలం. అయితే తిరుపతి రోడ్ల మీద పడుకునే ఆవుల్లో చాలావాటికి యజమానులున్నారని నా అనుమానం. పొద్దున పాలు పిండుకుని తోలేస్తారు. అలాంటివాళ్లు వేలం దాకా రానివ్వరు, జరిమానా కట్టి తోలుకుపోతారు. కాబట్టి పాటకు మిగిలేది ఎక్కువగా వట్టిపోయినవి, కోడెదూడలు.

వెనక్కి తగ్గడం గురించి: 1930 వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, మూడోసారి చెప్పి పాట కొట్టేసే వరకు మీ పాటను మీరు ఉపసంహరించుకోవచ్చు. కొట్టేశాక అమ్మకం పూర్తయినట్టే. ముందుగా చెప్పకుండా అమ్మేవాళ్ల మనుషులే పాట పాడి ధర పెంచితే, దాన్ని మోసంగా తీసుకునే హక్కు కూడా అదే సెక్షన్ ఇస్తుంది. ధరావతు సంగతి మాత్రం నోటీసులో ఏం రాశారో దాన్ని బట్టి ఉంటుంది. సంతకం పెట్టే ముందు చదవండి, చదివి వినిపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

చౌకగా వస్తాయా అంటే, వస్తాయి. ఎందుకంటే పై ఉత్తరంలో పాకాల అమ్మాయికి చెప్పిన ప్రశ్న ఇక్కడ అడగడానికి మనిషే ఉండడు. పాలు పిండి చూపించేవాడు లేడు, ఈత తెలియదు, టీకాలు తెలియవు. పాడి ఆవు ధర పెట్టొద్దు. కొన్నాక బ్రూసెల్లా పరీక్ష చేయించకుండా మీ ఆవులతో కలపొద్దు. ఐదో నెల తర్వాత ఈసుకుపోయేలా చేసే ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది.

ప్రశ్న: మాది బంగారుపాళ్యం. ముసలి ఆవును అమ్మాలి. సంతలో దళారి తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరం చేశాడు. నాకు చెప్పిన రేటు ఒకటి, కొన్నవాడు ఇచ్చింది ఒకటి అని తర్వాత తెలిసింది. ఆవునింకా తోలుకుపోలేదు. ఏం చేయాలి?

కొన్నవాళ్లతో నేరుగా మాట్లాడు నాయనా, దళారి ఎదురుగానే. తుండుగుడ్డ కింద రెండు చేతులకే తెలిసే ధరలో తేడా మిగిలేది మధ్యవాడికే. ఇది పాత పద్ధతి, మర్యాదస్తులూ చేస్తారు. కానీ నీ తరఫున ఇంకొకరి వేళ్లు మాట్లాడుతుంటే నీకు దక్కేది అతను చెప్పినంతే. దళారి కూలి ఎంతో ముందే మాట్లాడి, ధర మాత్రం నోటితో చెప్పించు.

అంతకన్నా ముఖ్యమైంది, ఆ ఆవు ఎక్కడికి పోతోంది? మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవును వధకు పంపడం నేరం. ఎవరికి అమ్మావో పేరు, ఊరు రాసిన రసీదు తీసుకో. సంత రుసుము వసూలు చేసే హక్కును కూడా వేలంలోనే ఇస్తారు కదా. పాట పాడినవాళ్లు గేటు దగ్గర ఇచ్చే చీటీని కూడా దాచుకో. చెవికి పసుపు ట్యాగు ఉంటే, ఆ పన్నెండంకెల నంబరు కొత్త యజమాని పేరుకు మార్చమని మీ పశువుల ఆసుపత్రిలో చెప్పు. లేకపోతే ఆ ఆవు ఎక్కడ పట్టుబడ్డా రికార్డులో నీ పేరే కనిపిస్తుంది.

ప్రశ్న: తిరుపతిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అపార్టుమెంటు కింద కాస్త జాగా ఉంది. పుంగనూరు దూడను లక్షన్నరకు ఇస్తామని ప్రకటన చూశాను. కొనొచ్చా?

2024 సంక్రాంతికి ప్రధాని పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చాక ఇలాంటి ఉత్తరాలు ఆగడం లేదు. మేలైన జాతే, మన ప్రాంతం జాతే. మూడడుగులకు అటూఇటూగా ఎత్తు, చిక్కటి పాలు, తక్కువ మేత. పలమనేరు పశు పరిశోధన కేంద్రం ఈ మందను ఏళ్ల తరబడి కాపాడుతోంది కాబట్టే ఇవాళ మనకు మిగిలింది.

కానీ దూడను చూసి జాతి చెప్పలేం బాబూ. మేత సరిగా లేక గిడసబారిన నాటు దూడ కూడా పొట్టిగానే ఉంటుంది. ఏడాది తర్వాత అది మీ అపార్టుమెంటు గేటు పట్టదు. తల్లిని చూడండి, ఏ ఆబోతు వీర్యమో అడగండి, రెండింటికీ జవాబు లేకపోతే లక్షన్నర దాచుకోండి. పైగా అపార్టుమెంటు కింద ఆవుకు తోడు ఉండదు, పేడకు చోటుండదు. పై అంతస్తువాళ్లు నాకే ఫిర్యాదు ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: గంగాధర నెల్లూరు దగ్గర మాది. సంతలో కొన్న ఆవు అక్కడ పూటకు 8 లీటర్లు ఇచ్చింది. ఇంటికొచ్చిన మూడో రోజుకు 5 లీటర్లే. మోసపోయామా?

ఇప్పుడే అలా అనుకోవద్దు. వ్యానులో నిలబడి వచ్చిన అలసట, కొత్త చేతులు, కొత్త నీళ్లు, ఇవి చాలు పాలు తగ్గడానికి. అమ్మినవాళ్లు ఏ దాణా ఎంత పెట్టేవాళ్లో ఫోన్ చేసి అడగండి. వాళ్లు చెనక్కాయ చెక్క పెడుతుంటే, మీరు ఒక్కసారిగా కో-4 రకం పచ్చగడ్డికి మార్చేస్తే కడుపు ఒప్పుకోదు. పాత దాణా ఒక బస్తా తెప్పించి, వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. నీళ్లు ఎప్పుడూ ముందు ఉండాలి.

మూడు వారాలు మీ మిగతా పశువులకు దూరంగా కట్టండి. రోజూ ముందు మిగతావాటి పాలు పిండి, తర్వాత దీని దగ్గరికి వెళ్లండి. గాలికుంటు టీకా ఎప్పుడు వేశారో తెలియకపోతే ఆసుపత్రిలో ట్యాగు నంబరు చెప్పండి, రికార్డులో ఉంటే చెబుతారు. నోట్లో పుండ్లు, కాలి గిట్టల మధ్య పుండ్లు, ఒంటి మీద ముద్దలు కనిపించినా, మేత ముట్టకుండా చెవులు వేలాడేసినా ఆగొద్దు. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు ఇంటికే వస్తుంది.