మాత్ర మింగితే అప్పు తీరుతుందా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ఇంట్లో జాకెట్లు కుడతాను. మావారిది తాపీ పని, వచ్చిందంతా తాగుడికే పోతుంది. ఇల్లు తనఖా పెట్టి తెచ్చిన అప్పుకి నాలుగు నెలలుగా వాయిదా కట్టలేదు. బ్యాంకు నుంచి వచ్చిన కవరు బియ్యం డబ్బా వెనక పెట్టేశాను, విప్పలేదు. కత్తిరించిన గుడ్డలు అలాగే పడున్నాయి. తమ్ముడు బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అని ఎస్‌సిటాలోప్రామ్ రాశారు. మూడు వారాలైంది. నిద్ర కాస్త పడుతోంది. కానీ అప్పూ ఉంది, ఆయన తాగుడూ ఉంది. పైగా ‘పిచ్చి మాత్రలు మింగేదానివి, నువ్వా నాకు చెప్పేది’ అంటున్నారు. నేనుండి ఎవరికి లాభం అనిపిస్తోంది. కష్టాలు పోనప్పుడు ఈ మాత్రలెందుకు? మానేద్దామనుకుంటున్నాను.
- ఒక సోదరి, తెనాలి దగ్గర

జవాబు: తీరదమ్మా. ఏ మాత్రా అప్పు తీర్చదు, ఇంకొకరి చేత తాగుడు మాన్పించదు. అలా ఆశపడి వేసుకుంటే నిరాశే.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది అప్పు కాదు, బియ్యం డబ్బా వెనకున్న ఆ కవరు. వాయిదా కట్టలేకపోవడం డబ్బు ఇబ్బంది. కవరు చింపి చూడలేకపోవడం, కత్తిరించిన గుడ్డ చేతిలో ఉన్నా కుట్టు వేయలేకపోవడం జబ్బు. డిప్రెషన్ ముందు లాక్కునేది ఈ సత్తువనే. మాత్ర పని ఆ సత్తువను తిరిగి ఇవ్వడం వరకే. రోజుకి రెండు జాకెట్లు కుట్టగలిగితే అప్పు తీరిపోదు, కానీ బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని మాట్లాడే మనిషి మీలో మిగులుతుంది.

మూడు వారాలకే తేల్చేయకండి. నిద్ర, ఆకలి ముందు కుదుటపడతాయి. మనసు తేలికపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడం మామూలే. అప్పటికీ మార్పు లేకపోతే మోతాదో మందో మార్చే సంగతి డాక్టరు చూస్తారు. మీ అంతట మీరు మాత్రం టక్కున ఆపొద్దు. తల తిరగడం, చిరాకు, ఒళ్లంతా షాకు కొట్టినట్టు ఉండడం మొదలవ్వచ్చు. అవి చూసి ‘అలవాటు పడిపోయాను’ అని బెదిరిపోయినవాళ్లు నాకు తెలుసు. అది తాగుడు లాంటి వ్యసనం కాదు. నయమయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడించి, మెల్లగా తగ్గిస్తారు.

ఇంకో మాట నిష్ఠూరంగానే చెబుతాను. ఇంట్లో ఆడది ఏడిస్తే మాత్ర మింగించి ఊరుకోబెట్టే పద్ధతి కూడా చూస్తున్నాను. ఏడిపించేవాడు హాయిగా అరుగు మీద కూర్చుంటాడు! మందు ఓర్పు పెంచడానికి కాదు. ఇంట్లో పరిస్థితి అలాగే ఉంటే కోలుకోవడం కూడా ఆలస్యమవుతుంది. అందుకే అప్పు, తాగుడు, ఆయన మాటలు డాక్టరుకి చెప్పండి, మాత్రతో పాటు కౌన్సెలింగ్ కూడా అడగండి. మీవారు చెయ్యి చేసుకుంటున్నారో లేదో మీరు రాయలేదు. చేసుకుంటుంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

‘నేనుండి ఎవరికి లాభం’ అన్నారు. సూటిగా అడుగుతున్నాను, చచ్చిపోవాలనిపిస్తోందా? అనిపిస్తుంటే ఈ రోజే తమ్ముడికి చెప్పండి, ఒంటరిగా ఉండొద్దు. ఏ వేళప్పుడైనా మనసు బాధలకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ 14416కి చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మందు మొదలుపెట్టాక అలాంటి ఆలోచనలు పెరిగినా డాక్టరుకి వెంటనే తెలియాలి.

ఇక కవరు సంగతి. వాయిదాలు 90 రోజులు దాటితే బ్యాంకు ఆ అప్పును మొండి బకాయి కింద రాస్తుంది. తర్వాత సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తిని కోర్టులో దావా వేయకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) కింద బాకీ కట్టమని డిమాండ్ నోటీసు ఇస్తే, కట్టడానికి నోటీసు తేదీ నుంచి 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోపు మీరు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. మీకొచ్చింది అదేనో, వాయిదా గుర్తుచేసే మామూలు లేఖో విప్పితేనే తెలుస్తుంది. అదే నోటీసైతే డబ్బా వెనక కూడా ఆ గడువు కరిగిపోతూనే ఉంటుంది. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కోర్టులోని న్యాయసేవా సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

ఒక్కరే విప్పొద్దు. తమ్ముడిని రమ్మనండి, కవరు అతని చేతే చింపించండి. మీరు పక్కన కూర్చుని, ఆ కత్తిరించి పెట్టిన జాకెట్లలో ఒకదానికి ఒక్క చెయ్యి మాత్రం కుట్టండి. రెండోది మర్నాడు కుట్టొచ్చు.