వస్తూ పోతూ ఉండే సబ్‌ఊఫర్: అల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి,
మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సినిమా మధ్యలో సబ్‌ఊఫర్, అదే బాస్ సౌండిచ్చే స్పీకర్ పెట్టె, ఉన్నట్టుండి మూగబోతోందట, కాసేపటికి దానంతటదే మళ్ళీ మోగుతోందట, నువ్వేమో స్క్రూడ్రైవర్ తీసుకుని దాని వెనక కూర్చున్నావట. ముందు ఆ స్క్రూడ్రైవర్ లోపల పెట్టెయ్. పూర్తిగా పోయిన యాంప్‌ని, అంటే లోపల సౌండు పెంచే బోర్డుని, బాగుచెయ్యడం తేలిక. వస్తూ పోతూ ఉండే జబ్బే మెకానిక్ ప్రాణం తీస్తుంది. షాపుకి మోసుకెళ్తే అక్కడ బుద్ధిగా మోగుతుంది, ఇంటికి తెచ్చాక మళ్ళీ మొదలు. అందుకే అది ఎప్పుడు ఆగుతోందో ముందు కనిపెట్టు. రాత్రి వాల్యూమ్ తగ్గించినప్పుడా? ఏసీ ఆన్ అయిన క్షణంలోనా? పొద్దున్నే మొదటిసారి స్విచ్ వేసినప్పుడా? ఒక్కోదానికి కారణం వేరు.

తక్కువ వాల్యూమ్‌లో ఆగుతోందంటే అది అసలు రిపేరే కాకపోవచ్చు. వెనక చిన్న స్విచ్ ఉంటుంది చూడు, ఆన్, ఆటో అని. ఆటోలో ఉంటే సిగ్నల్ రాని సబ్ కాసేపు చూసి నిద్రపోతుంది. చాలావాటిలో ఆ కాసేపు అంటే 15, 20 నిమిషాలు. నిద్ర లేవాలంటే వైరులో కొంత బలమైన సిగ్నల్ రావాలి. సినిమాలో అరగంట మాటలే నడిచాయనుకో, నిద్రపోతుంది. తర్వాత వచ్చిన ఫైటు సౌండు చాలకపోతే లేవదు. ఆ స్విచ్‌ని ఆన్‌లో పెట్టి రెండు రోజులు చూడు. జబ్బు పోయిందంటే దొంగ దొరికినట్టే.

కానీ అక్కడితో వదిలెయ్యకు. రిసీవర్, అంటే స్పీకర్లన్నిటికీ సౌండు పంచే పెట్టె, దాని మెనూలో సబ్‌ఊఫర్ లెవెల్ ఎంత ఉందో చూడు. మైక్ పెట్టి ఆటోమేటిక్ సెటప్ చేసినప్పుడు సబ్ వెనక వాల్యూమ్ నాబ్ బాగా పైకి ఉంటే, రిసీవర్ తన వైపు నుంచి మైనస్ 10, మైనస్ 12 డెసిబెల్స్ దాకా తగ్గించేసుకుంటుంది. ఇక వైరులో వచ్చేది పీల సిగ్నలే. నాబ్ తగ్గించి సెటప్ మళ్ళీ చెయ్యి. రిసీవర్ తన లెవెల్ పెంచుకుంటుంది, ఆటోలో పెట్టినా సబ్ టక్కున లేస్తుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు. ఈ ఒక్క పని చెయ్యక సబ్‌ఊఫర్లు మార్చేసినవాళ్ళని ఎంతమందినో చూశాను.

సినిమాకి మోగి పాటలకి మోగకపోతే మాత్రం సెట్టింగ్ చూడాలి. ముందువైపు స్పీకర్లు రిసీవర్‌లో లార్జ్ అని ఉంటే స్టీరియో పాటల్లోని బాస్ అంతా వాటికే పోతుంది, సబ్‌కి ఏమీ మిగలదు. స్మాల్ అని పెట్టి క్రాసోవర్ని, అంటే ఎక్కడి నుంచి కిందిది సబ్‌కి పంపాలో చెప్పే హద్దుని, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచు. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్‌ని చివరిదాకా పైకి తిప్పెయ్, రెండు చోట్లా కొయ్యక్కర్లేదు. టీవీ ఆడియో అవుట్‌పుట్ పీసీఎం స్టీరియోలో, అంటే రెండే చానళ్ళలో, ఉంటే సినిమాలో సబ్‌కని విడిగా ఇచ్చిన ట్రాక్ కూడా రిసీవర్‌కి చేరకపోవచ్చు, అదీ ఒకసారి చూడు.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే, తప్పు సబ్‌దా, బయటిదా తేల్చాలి. రిసీవర్ నుంచి వచ్చే వైరు పీకి, ఫోన్ నుంచి ఒక ఆర్‌సీఏ వైరుతో (మధ్యలో పిన్నుండే గుండ్రటి ప్లగ్గు వైరు) నేరుగా సబ్‌కి పాట ఇవ్వు. వాల్యూమ్ తక్కువతో మొదలుపెట్టు. గంటసేపు ఆగకుండా మోగితే సబ్ నిర్దోషి, వైరునో రిసీవర్‌నో అనుమానించు. మీది విశాఖ, పైగా బీచ్‌కి దగ్గర ఫ్లాటు. ఉప్పుగాలికి ఆ ఆర్‌సీఏ సాకెట్లు పచ్చగా చిలుమెక్కుతాయి. స్విచాఫ్ చేసి, పిన్నుని నాలుగైదుసార్లు తిప్పుతూ పెట్టి తియ్యి. వదులుగా ఉంటే కొత్త వైరు కొను, కానీ వేలు పోసి కొనకు.

ఇంకో తమాషా ఉంది. సబ్ మోగుతూనే ఉంటుంది, నువ్వు కూర్చున్న చోట వినపడదు. 14 అడుగుల గదిలో 40 హెర్ట్జ్ దగ్గర సౌండు అల నిలబడిపోతుంది, గోడల దగ్గర దడదడ, మధ్యలో ఖాళీ. నీ సోఫా సరిగ్గా మధ్యలో ఉందని మీ అమ్మ పంపిన ఫొటోలో చూశాను. సబ్‌ని సోఫా దగ్గర పెట్టి, బాస్ పాట వేసి, గదంతా వంగి తిరుగుతూ విను. ఎక్కడ నిండుగా వినపడితే సబ్ స్థానం అదే. మీ ఆవిడ నవ్వితే నవ్వనీ.

ఏసీ ఆన్ అయినప్పుడు ఆగితే అది వోల్టేజీ సంగతి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి చూడు. గుంయ్‌మని హోరు వస్తుంటే కేబుల్ టీవీ వైరు సెట్‌టాప్ బాక్స్ నుంచి పీకి చూడు, తరచూ హోరు అక్కడే ఆగిపోతుంది. అంతేగానీ ఎవరో చెప్పారని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకు అల్లుడూ, అది ప్రాణానికి సంబంధించింది.

ఇక రెండు లక్షణాలు నిజంగా లోపలి జబ్బులు. స్విచ్ వేశాక చాలాసేపటికి గానీ మోగకపోవడం, ఆ సేపు రోజురోజుకీ పెరగడం ఒకటి. పవర్ సప్లైలో కెపాసిటర్లు ఎండిపోయాయన్నమాట. రెండోది, పెట్టె మీద ఒక్కటి కొడితే మోగడం. యాంప్ బోర్డు ఏళ్ల తరబడి ఆ పెట్టెలోనే అదురుతూ ఉంటుంది కదా, బరువైన పార్టుల కాళ్ల దగ్గర డ్రై సోల్డర్ వస్తుంది, అంటే టంకం అతుకు వదులవుతుంది. ఈ రెండింటికీ నువ్వు చెయ్యి పెట్టొద్దు. ఆ బోర్డులో 230 వోల్టుల కరెంటు 325 వోల్టుల డీసీ అవుతుంది, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచే ఉంటుంది.

మెకానిక్‌కి ఇచ్చేటప్పుడు "పాడైంది" అని ఊరుకోకు. ఎప్పుడు ఆగుతోందో, ఏమేం చేసి చూశావో కాగితం మీద రాసివ్వు. పాత కెపాసిటర్లు తీస్తే 105 డిగ్రీలవే వెయ్యమను, 85వి మన ఎండలకి త్వరగా పోతాయి. బరువైన పార్టులన్నీ మళ్ళీ సోల్డర్ చెయ్యమను. స్పీకర్ కాయిల్ కూడా చూడమను. 4 ఓమ్స్‌ది మీటర్‌లో 3 పైచిలుకు చూపాలి, కోన్‌ని మెల్లగా నొక్కుతుంటే రీడింగ్ తెగిపోకూడదు. తెగిపోతే కోన్‌కి వెళ్ళే అల్లిక తీగ పోయినట్టు. స్పీకర్, పెట్టె బాగుండి బోర్డు ఒక్కటే కాలిపోయిందంటే కొత్త సబ్ కొనమన్నా ఒప్పుకోకు. వెనక ప్లేటుతో సహా యాంపులు విడిగా దొరుకుతాయి, కొలతలు, వాట్లు, ఓమ్స్ సరిపోయేది చూసుకోవాలి అంతే.

ఆ స్విచ్ ఆన్‌లో పెట్టాక ఏమైందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య