గోల్ఫ్ చిప్ షాట్‌లో వెడ్జ్ నేలలో దిగబడుతుంటే

హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్చుకుని అమలాపురం వచ్చేశాక, ఇరవై గజాల చిప్ (బంతిని కాస్త లేపి దొర్లించే చిన్న దెబ్బ) కొడితే వెడ్జ్ (వాలు ముఖం ఉన్న గోల్ఫ్ కర్ర) ఒకసారి బంతి వెనక మట్టిలో దిగిపోతోందనీ, ఇంకోసారి బంతి నడుముకి తగిలి, బంతి గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) దాటిపోతోందనీ రాశారు. రెండూ ఒకే జబ్బండీ. బంతిని మీరే పైకి లేపాలని మణికట్టు తిప్పేస్తున్నారు. పిచింగ్ వెడ్జ్ ముఖానికి దాదాపు 46 డిగ్రీల వాలు ఉంటుంది, లేపే పని అది చూసుకుంటుంది.

మీరు కుడిచేతి వాటమైతే బరువు ఎడమకాలి మీద వేసి, చివరిదాకా అక్కడే ఉంచండి. బంతి రెండు పాదాల మధ్యకి కాస్త వెనక, చేతులు బంతికి ముందు. తువ్వాలు మడిచి బంతికి జానెడు వెనక పరవండి. కొట్టినప్పుడు తువ్వాలు కదిలిందా, మళ్లీ వెనకే తవ్వారన్నమాట. నాకైతే మొదటి వారం తువ్వాలే బంతికన్నా ఎక్కువ దూరం వెళ్లింది!

కోత అయిన చేలో మాత్రం వద్దు. తడి బంకమట్టిలో వెడ్జ్ అంచు కూరుకుపోతుంది, తప్పు మీదో నేలదో తెలియదు. కొబ్బరితోటలో గడ్డి ఉన్నచోటు చూసుకోండి. గెలలు దించే రోజు కాకుండా చూసుకోండి, దింపు కార్మికులు ఊరుకోరు.

ఏడు గజాల్లో గోనెసంచి పరిచి, బంతి దానిమీద పడేలా కొట్టండి. గ్రీన్ మీదైతే పిచింగ్ వెడ్జ్ చిప్ గాల్లో ఒక వంతు, దొర్లుతూ రెండు వంతులు పోతుంది. తోటలో అంత దొర్లదు, కాబట్టి ఎక్కడ ఆగిందో పట్టించుకోకండి. వారం చేసి, తువ్వాలు సంగతి చెప్పండి.