హాలోవీన్ కుకీలు చేస్తానన్నావుగా, ఇదిగో

ఎడిసన్, న్యూజెర్సీ
11 అక్టోబర్ 2026

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. అస్థిపంజరాలు, గబ్బిలాలు, మంత్రగత్తె టోపీలు, గుడ్డపీలికలు చుట్టుకున్న మమ్మీలు. బాగున్నాయి. అవన్నీ చెయ్యకు. మొదటిసారి చేస్తున్నదానివి, చంకలో చంటిది, ఇంటికి రాబోయేది చూస్తే బుజ్జిగాడి ఈడు పిల్లలు. మూడు రకాలు చాలు: తెల్ల దయ్యం, సాలెగూడు, గుమ్మడికాయ. రంగులు కూడా మూడే, తెలుపు, నారింజ, నలుపు. రంగు పెరిగినకొద్దీ గిన్నెలు, కోన్లు, గంటలు పెరుగుతాయి తప్ప పిల్లలకి తేడా తెలియదు.

"దయ్యాల పండగేమిటి, శుభమా అని?" అని మీ అత్తగారు గొణిగారన్నావు. మొన్ననే మహాలయ అమావాస్య వెళ్ళింది కదా, ఆవిడకి ఆ మాటే గుర్తుచెయ్. పోయినవాళ్ళని తలుచుకునే రోజులు క్రైస్తవులకి నవంబర్ 1, 2 తేదీలు. ఆ ముందురాత్రే ఈ హాలోవీన్. ఒకప్పుడు ఇంగ్లండులో ఆ రోజుల్లో పేదవాళ్ళు, పిల్లలు ఇంటింటికీ వెళ్ళి పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తే, చేతిలో చిన్న చిన్న కేకులు పెట్టేవారు. సోల్ కేకులనేవారు వాటిని. పితృపక్షంలో వండి పెట్టే ఇంటి మనిషికి ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

ఇక పని సంగతి. ఈసారి 31 శనివారం పడింది. శుక్రవారం రాత్రి మొదలుపెట్టి తెల్లారేలోపు తేల్చేద్దామనుకున్నావో, దయ్యం నీకే పడుతుంది. మంగళవారం పిండి కలుపు. బుధవారం కాల్చు. గురువారం అడుగు ఐసింగ్, అంటే కుకీ మీద వేసే పంచదార పూత, శుక్రవారం కళ్ళూ నోళ్ళూ. రోజుకి గంటా గంటన్నర, చంటిది పడుకున్నాక. ఈ కుకీల్లో చేతిపని కన్నా ఆరనివ్వడమే ఎక్కువ.

పిండికి ఉప్పులేని వెన్న రెండు స్టిక్కులు, అంటే 226 గ్రాములు. పంచదార 200 గ్రాములు, గుడ్డు ఒకటి, వెనిల్లా రెండు టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, మైదా 360 గ్రాములు. బేకింగ్ పౌడర్ వద్దు. అది వేస్తే పొంగి దయ్యం తోక గుండ్రంగా అయిపోతుంది. మైదా కప్పుతో కొలవకు, తూకం వెయ్. కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 120 గ్రాములుండాల్సిన చోట 150 కూడా దిగుతుంది, కుకీలు ఎండిపోయి పగుళ్ళిస్తాయి. వెన్న బదులు అమ్మ పంపిన నెయ్యి వేద్దామని చూడకు. వెన్నలో నీళ్ళుంటాయి, నెయ్యిలో ఉండవు. అప్పుడు అది నాన్‌ఖటాయి అవుతుంది. రుచికి వంక లేదు, ఆకారం మాత్రం నిలవదు.

వెన్న, పంచదార కలిసేదాకా గిలక్కొట్టు, చాలు. తెల్లగా నురగ వచ్చేదాకా కొట్టకు, ఆ గాలంతా అవెన్‌లో ఉబ్బుతుంది. మైదా వేశాక చపాతీ పిండిలా మర్దించే అలవాటు మనందరికీ ఉంది, దాన్ని కాసేపు పక్కనపెట్టు. పొడి కనిపించకుండా ముద్ద అయితే చాలు. ముందు ముద్దని ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత ఒత్తమని చాలామంది చెబుతారు. గట్టిపడిన ముద్దతో కుస్తీ ఎందుకు? మెత్తగా ఉన్నప్పుడే రెండు పార్చ్‌మెంట్ కాగితాల మధ్య పెట్టి పావు అంగుళం మందాన అప్పడాల కర్రతో ఒత్తెయ్. కాగితాలతో సహా ట్రేలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోసెయ్. మర్నాడు చల్లగా తీసి కత్తిరించుకోవచ్చు, పొడి పిండి చల్లాల్సిన పని కూడా ఉండదు.

అచ్చుల మీద డబ్బు తగలెయ్యకు. ట్యులిప్ పువ్వు అచ్చుని తలకిందులు చేస్తే దయ్యమే: పువ్వు రేకుల అంచు దయ్యం తోక, గుండ్రటి అడుగు దయ్యం తల. సాలెగూటికి గ్లాసు చాలు. గుమ్మడికాయ అచ్చు ఒక్కటే కొనాలి, ఈ నెలలో ఏ షాపులో అయినా దొరుకుతుంది. కత్తిరించాక ట్రేని పదిహేను నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, అప్పుడు 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పది నిమిషాలు కాల్చు. అంచు కొద్దిగా రంగు తిరిగినా మధ్యలో తెల్లగానే ఉంటుంది. పచ్చిగా ఉందేమోనని మళ్ళీ లోపల పెట్టకు, వేడి ట్రే మీదే మిగతా పని అయిపోతుంది. అద్దె ఇంటి అవెన్ల మీద అంకెలు నమ్మడానికి లేదు, కాబట్టి మొదటి ట్రేలో రెండు కుకీలే పెట్టి చూడు. మూడంగుళాలవి రెండు డజన్ల పైనే వస్తాయి.

నువ్వు అసలు భయపడుతున్నది ఐసింగ్‌కి కదా. ఒక పౌండు పంచదార పొడికి మూడు టేబుల్‌స్పూన్ల మెరింగ్ పౌడర్ (గుడ్డు తెల్లసొన పొడి), ఐదారు టేబుల్‌స్పూన్ల గోరువెచ్చటి నీళ్ళు. నిగనిగ తగ్గి మ్యాట్‌గా అయ్యేదాకా మిక్సర్‌తో ఏడెనిమిది నిమిషాలు. గిన్నె స్టీలుదో గాజుదో అయ్యుండాలి. ప్లాస్టిక్ గిన్నెకి జిడ్డు ఎంత కడిగినా వదలదు, ఆ జిడ్డు తగిలితే ఐసింగ్ నిలబడదు. గిన్నె మీద ఎప్పుడూ తడిగుడ్డ కప్పి ఉంచు, లేదంటే పొర కడుతుంది.

చిక్కదనం రెండు రకాలుగా కావాలి. అంచు గియ్యడానికి గరిటె ఎత్తితే కొన మెల్లగా వంగి ఆగాలి. లోపల నింపడానికి ఇంకా పల్చగా ఉండాలి. గిన్నెలో చాకుతో గీత గీసి లెక్కపెట్టు, పదిహేను సెకన్లకి గీత మాయమైతే సరిపోయినట్టు. ఐదుకే మాయమైతే అంచు దాటి కారిపోతుంది, ఇంకొంచెం పంచదార పొడి కలుపు. నీళ్ళు మాత్రం చెంచాతో పొయ్యకు, చుక్కలుగా వెయ్. కోన్ కొనని కుకీకి ఆనించకు. నీకు ముగ్గు చెయ్యి ఉంది కదా, పిండి వేళ్ళ మధ్య నుంచి జారి నేల మీద పడినట్టే ఐసింగ్ తీగ కూడా పైనుంచి పడాలి. కొన ఆనించి గీస్తే గీత వణుకుతుంది.

నలుపు ఒక్కటీ ముందురోజే కలుపుకో. ద్రవంగా ఉండే రంగులు వద్దు, జెల్ రంగులు కొను. తెల్ల ఐసింగ్‌లో కొద్దిగా కోకో పౌడర్ కలిపి గోధుమరంగుకి తెచ్చి, ఆపైన నల్ల జెల్ వెయ్. ముదురు బూడిదరంగు రాగానే ఆపెయ్. అది నలుపులా కనిపించదు, చెయ్యి ఊరుకోదు, ఇంకా పిండాలనిపిస్తుంది. పిండకు. మూత పెట్టి రాత్రంతా ఉంచితే దానంతటదే నల్లబడుతుంది. రంగు ఎక్కువైతే చేదెక్కుతుంది, పక్కనున్న తెలుపులోకి పాకుతుంది, పిల్లల నాలుకలు మర్నాటిదాకా నల్లగా ఉంటాయి. అందుకే పూర్తి నల్లటి గబ్బిలాలు వద్దన్నాను. నారింజకి పసుపులో ఎరుపుని టూత్‌పిక్ కొనతో కొద్దికొద్దిగా కలుపుకుంటూ పో.

సాలెగూడు చూసేవాళ్ళకి గొప్పగా ఉంటుంది, చేసేవాళ్ళకి చిటికెలో పని. గుండ్రటి కుకీని తెలుపుతో నింపిన వెంటనే, తడి ఆరకముందే, దాని మీద పల్చటి నలుపుతో ఒకదాని చుట్టూ ఒకటి మూడు వలయాలు గియ్యి. టూత్‌పిక్‌ని మధ్యలో దింపి అంచు దాకా లాగు. కొన తుడుచుకుని ఇంకోటి లాగు. ఎనిమిది లాగితే గూడు. రెండు ఐసింగ్‌లూ ఒకే చిక్కదనంలో లేకపోతే నలుపు మునిగిపోతుంది, లేదా గట్టులా నిలబడుతుంది. అన్నింటికీ తెలుపు వేసుకుని తర్వాత వలయాలు గీద్దామనుకోకు, ఈలోపు మొదటిదాని మీద పొర కట్టేస్తుంది. ఒక్కో కుకీ పూర్తిచేసి పక్కన పెట్టు.

గుమ్మడికాయకి తొనలు ఒకటి విడిచి ఒకటి నింపు. అరగంట ఆగి మిగతావి నింపితే తొనలు విడివిడిగా ఉబ్బి కనిపిస్తాయి. దయ్యాన్ని మాత్రం తెలుపుతో నింపి, బుడగలు పొడిచి, ఫ్యాన్ కింద రాత్రంతా వదిలెయ్. గాలి తగిలితే మెరుపు పోదు, గుంటలు పడవు. శుక్రవారం ఆరిన తెలుపు మీద నల్ల కళ్ళు పెట్టు. దయ్యం అంటే అంతా కళ్ళలోనే ఉంది. పెద్ద కళ్ళు కిందికి, దగ్గరదగ్గరగా పెడితే ముద్దొస్తుంది. నిలువుగా సాగదీసి, పైకి, ఎడంగా పెట్టి, కింద నోరు తెరిచి పెడితే పెద్దవాళ్ళు కూడా ఒక్క క్షణం చూస్తారు. నాలుగేళ్ళ పిల్లలకి మొదటి రకం చెయ్, మీ ఆయన స్నేహితులకి రెండోది.

గుడ్డు తినని పిల్లలుంటే ముందే అడుగు. మెరింగ్ పౌడర్ అంటే ఎండబెట్టిన గుడ్డు తెల్లసొనే, పొడి కదా అని మోసపోకు. వాళ్ళకి పిండిలో గుడ్డు బదులు మూడు టేబుల్‌స్పూన్ల పాలు పొయ్. ఐసింగ్‌కి కప్పు పంచదార పొడికి రెండేసి టీస్పూన్ల పాలు, కార్న్ సిరప్. మెరుస్తుంది, కానీ అంత గట్టిపడదు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. మాంసం తినని పిల్లలుంటే అలంకరణకి మార్ష్‌మాలోలు వాడకు, వాటిలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. కొన్ని ఎర్ర రంగుల్లో కార్మైన్ అని పురుగుల నుంచి తీసేది ఉంటుంది, డబ్బా వెనక చదువు. బాదంపప్పు గోళ్ళు పెట్టిన మంత్రగత్తె వేళ్ళు కూడా ఫోటోల్లో ఉన్నాయి, నట్స్ పడని పిల్లలుంటారు, వాటి జోలికి పోకు.

ఇంకొకటి, కొత్తగా వచ్చావు కాబట్టి చెబుతున్నా. తలుపు కొట్టే పిల్లల సంచుల్లో నీ కుకీలు వెయ్యకు. ఎంత ప్రేమగా చేసినా, సీలు లేనిదాన్ని వాళ్ళమ్మలు చెత్తబుట్టలో వేస్తారు. తప్పు పట్టకు, ఇక్కడ అందరిదీ అదే పద్ధతి. వాళ్ళకి షాపులో కొన్న చిన్న చాక్లెట్లు పెట్టు. గుమ్మం ముందు నీలిపచ్చ రంగు గుమ్మడికాయ పెట్టిన ఇళ్ళు కనిపిస్తే, అలర్జీలున్న పిల్లలకి తినేవి కాకుండా స్టిక్కర్లో బొమ్మలో అక్కడ దొరుకుతాయని గుర్తు. 2014 నుంచి దేశమంతా సాగుతోంది ఆ పద్ధతి. నువ్వూ ఒకటి పెట్టు, డబ్బాడు పెన్సిళ్ళు కొంటే సరిపోతుంది. బడికి పంపాలంటే మాత్రం టీచర్‌ని అడగందే పంపకు, చాలా బడుల్లో ఇంట్లో చేసినవి తీసుకోరు.

శనివారం పిల్లలకి డజను ఒట్టి కుకీలు విడిగా ఉంచు, చేతికి చిన్న కోన్లు ఇచ్చి వదిలెయ్. తెలుపు, నారింజ ఇవ్వు. నలుపు ఇవ్వకు, సోఫా నీది.

మిగిలిన పిండి ఒత్తిన కాగితాలతోనే ఫ్రీజర్‌లో ఉంచు. నవంబర్ 8న దీపావళి, అప్పటికి పనికొస్తుంది. గురువారం ఐసింగ్ కలిపాక వీడియో కాల్ చెయ్యి, చాకు గీత నేనూ చూస్తాను. తూకం మిషను ఇంకా కొనలేదంటే చెప్పు, ఇక్కడ రెండున్నాయి, ఒకటి పంపిస్తా.

పెద్దమ్మ