మంచి పగ్ కుక్కపిల్ల ఎలా ఉండాలి? శరీర లక్షణాలు, స్వభావం చూసి ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న అడిగినవారు కింద మూడు సందేహాలు రాశారు: తోక ఎన్ని చుట్టలు తిరగాలి, ముఖం మీద ముడతలు ఎంత లోతుగా ఉండాలి, మూతి ఎంత చదునుగా ఉంటే అంత అసలు జాతి అనుకోవచ్చా అని. ఆరేళ్ళ కిందట నేనూ సరిగ్గా ఈ మూడే అడిగాను. మూడింటిలోనూ నూటికి నూరు మార్కులు వచ్చిన పిల్లనే ఏరికోరి ఇంటికి తెచ్చుకున్నాను. కాబట్టి జవాబు చెప్పే అర్హత నాకు దండిగా ఉంది.

మా వాడి పేరు బొబ్బట్టు. పేరు మా అమ్మాయి పెట్టింది. ఒంటి రంగు నేతిలో కాలిన బొబ్బట్టు రంగు, ముఖం పెనం మీద అట్లకాడతో అదిమినట్టు ఉంటుంది. మాది విజయవాడ. ఇక్కడ పగ్‌ను పగ్ అనేవాళ్ళు తక్కువ. 2003లో టీవీలో వచ్చిన హచ్ ఫోను ప్రకటనలో ఒక పిల్లవాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంటపడి వెళ్ళిన కుక్క ఇదే కదా, ఆ ఫోను కంపెనీ పేరు ఎప్పుడో మారిపోయినా కుక్క పేరు మాత్రం మారలేదు. సాయంత్రం నడకకు తీసుకెళ్తే ఇద్దరైనా ఆపి "హచ్ కుక్క కదండీ, ఎంతకు కొన్నారు?" అంటారు. పెళ్ళీడు పిల్ల జీతం అడిగినంత ధీమాగా అడుగుతారు.

కొన్న రోజు సంగతి చెప్తాను. ఆ ఇంట్లో ఐదు పిల్లలున్నాయి. అమ్మే ఆయన ఒకదాన్ని కాలితో పక్కకు నెట్టి, "దీని మూతి కాస్త బయటికి వచ్చిందమ్మా, మీకు వద్దు. ఎవరైనా తక్కువకు అడిగితే ఇచ్చేస్తాను" అన్నాడు. నా చేతిలో పెట్టినదాని ముఖం పళ్ళెంలా ఉంది. ముక్కు మీది ముడత ఎంత దట్టమంటే, ముక్కు దాని కింద దాక్కున్నట్టుంది. ముక్కు రంధ్రాలు రెండూ పెన్సిలుతో గీసిన కామాల్లా ఉన్నాయి. పాలు తాగుతూనే గుర్రుగుర్రుమంటోంది. "చూడండమ్మా, ఎంత ముద్దుగా గురక పెడుతోందో" అన్నాడు. నాకూ ముద్దుగానే అనిపించింది. వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరికీ ముద్దుగానే అనిపించింది. ఊపిరి అందక చేసే చప్పుడు అని ఒక్కరికీ తట్టలేదు, మా గ్రూపులో ఇద్దరు డాక్టర్లున్నారు మరి.

రెండో ఏడు మే నెలాఖరు, రోహిణి కార్తె. బెజవాడ ఎండ గురించి బెజవాడవాళ్ళకు చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పినా అర్థం కాదు. మధ్యాహ్నం కరెంటు పోయింది. బొబ్బట్టు వంటింటి గచ్చు మీద పొట్ట ఆనించి, వెనక కాళ్ళు కప్పలా చాపుకుని పడుకున్నాడు. అంతలో గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి వచ్చాడు. అతనంటే మా వాడికి ప్రాణం. వెంటపడి రెండంతస్తులు దిగి సాగనంపి, మళ్ళీ ఎక్కి వచ్చాడు. వచ్చాక రొప్పడం మొదలైంది, ఇక ఆగలేదు. పది నిమిషాలకు ఆ చప్పుడు మారింది. తడికర్రను రంపంతో కోస్తున్నట్టు గరగర. నాలుక చివర వెడల్పై బయటికి వేలాడింది, నేరేడుపండు తిన్నట్టు నీలం తిరిగింది. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. పిలిస్తే కళ్ళు నా వైపు తిప్పాడు గానీ తోక కదపలేదు.

మా అత్తయ్యగారి లెక్కలో కుక్క గుమ్మం అవతల ఉండవలసిన ప్రాణి. రెండేళ్ళూ వాణ్ణి పూజగది గడప తొక్కనివ్వలేదు. ఆ రోజు ఆవిడే దండెం మీది మడిచీర లాగి, బకెట్లో ముంచి, వాడి మీద కప్పారు. నేను ఆటో కోసం కిందికి పరుగెత్తి, పైకి వచ్చేసరికి ఆవిడ విసనకర్రతో విసురుతూ, వాడి చెవి దగ్గర "నారాయణ, నారాయణ" అంటున్నారు. అంత్యకాలంలో మనుషుల చెవిలో అనే మాట అది. నాకు కాళ్ళు ఆడలేదు.

డాక్టరుగారు ముందు ఆ చీర తీసేయించారు. తడిగుడ్డ కప్పి వదిలేస్తే కాసేపటికి అదే వేడెక్కి ఒంట్లోని వేడిని బయటికి పోనివ్వదట. నీళ్ళు పోస్తూ ఉండాలి, ఆ తడి మీద గాలి ఆడాలి, అది కూడా ఇంటి దగ్గరే మొదలుపెట్టి ఆ తర్వాత ఆసుపత్రికి బయల్దేరాలి. థర్మామీటరు పెడితే 39 డిగ్రీల లోపు ఉండాల్సిన వేడి 41 దాటింది. "కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదమ్మా. రొప్పడమే దాని కూలరు. మీ వాడికి కూలరు ఉంది గానీ, గాలి వెళ్ళే కిటికీలు రెండూ మూసుకుపోయి ఉన్నాయి" అని టార్చి వేసి ఆ రెండు కామాలు చూపించారు. అప్పటికి గండం గడిచింది. చలికాలం వచ్చాక ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, గొంతుకు అడ్డం పడుతున్న మెత్తటి అంగిలి కొంత కత్తిరించారు. వాణ్ణి కొన్న ధరకు మూడింతలైంది ఖర్చు. వాడు గురక లేకుండా పడుకున్న మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు, లేచి లేచి ఊపిరి ఉందో లేదో చూశాను.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. కుక్కజాతులు ఎలా ఉండాలో రాసిపెట్టే ఇంగ్లండు సంస్థ కెన్నెల్ క్లబ్ పగ్‌కు రాసుకున్న ప్రమాణంలోనే ముక్కు రంధ్రాలు నొక్కుకుపోయి ఉండటం, ముక్కు మీద బరువైన ముడత ఉండటం రెండూ ఒప్పుకోదగినవి కావని స్పష్టంగా ఉంది. అంటే మా ఊరి అమ్మకందారు ఏది చూపించి ధర పెంచాడో, ఆ పుస్తకంలో అదే తప్పు. ముడతలు నుదుటి మీద తీరుగా ఉంటే చాలు, కంటికీ ముక్కుకూ అడ్డం రాకూడదు. మూతి పొట్టిగా, మొద్దుగా ఉండాలి, అంతేగాని అసలు లేకుండా పోకూడదు. పెద్దయ్యాక బరువు 6.3 నుంచి 8.1 కిలోల మధ్య ఉండాలి. ఒళ్ళు చతురస్రంగా, కండపట్టి, ముందుకాళ్ళు నిటారుగా ఉండాలి. చెవులు చిన్నవి, పలచనివి, నల్ల మఖమల్ ముక్కలా వేళ్ళకు తగలాలి. మఖమల్ మాట మాత్రం అక్షరాలా నిజం, ఆ చెవి ఒకసారి పట్టుకున్నవాళ్ళు వదలరు. రంగు గురించి బెంగ వద్దు, నల్లవీ ఉన్నాయి, వెండిరంగువీ ఉన్నాయి.

మూతి మొదటి నుంచీ ఇంత చదును కాదు. విలియం హోగార్త్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1745లో తన బొమ్మ తానే గీసుకుంటూ పక్కన తన పగ్‌నూ కూర్చోబెట్టాడు. దానికి చక్కగా ముందుకు వచ్చిన మూతి ఉంది. ఈ రోజు మా వీధిలో తిప్పితే "ఇది క్రాసా?" అని అడుగుతారు. నెదర్లాండ్స్‌లోనైతే తల పొడవులో మూడో వంతుకైనా మూతి రాని కుక్కలతో పిల్లల్ని పెట్టించకూడదని 2019 నుంచి గట్టిగా పట్టుబడుతున్నారు. ఆ లెక్కన మన ఊళ్ళలో తిరిగే పగ్‌లలో ముప్పాతిక వంతు పుట్టకూడనివే. నేను దగ్గరగా చూసినవి పదకొండే, అయినా ఈ మాట మీద పందెం కాస్తాను.

స్వభావం సంగతికి వస్తే, ఈ జాతికి సాటి లేదు. కోపం లేదు, భయం లేదు, మొహమాటం అసలే లేదు. మనిషి కావాలి, అంతే. నేను వంటింట్లో ఉంటే నా పాదం మీద కూర్చుంటాడు, స్నానానికి వెళ్తే తలుపు కింద సందులో ముక్కు పెడతాడు. మా ఆడపడుచు మనవడు చెవులు లాగినా విదిలించుకుని ఇంకో చెవి ఇస్తాడు. కోప్పడితే గోడ వైపు తిరిగి కూర్చుంటాడు, పావుగంటకు మించి ఆ పంతం నిలవదు. చెప్పిన పని చేస్తాడా అంటే, చేతిలో తినేది ఏముందో చూసి నిర్ణయించుకుంటాడు. ఇంటికి కాపలా కోసమైతే మాత్రం మా వాడి లాంటి వాణ్ణి తెచ్చుకోకండి, కొత్తవాడెవడు వచ్చినా గ్యాస్ అబ్బాయికి చేసినట్టే మర్యాద చేస్తాడు. రోజంతా ఇంటికి తాళం వేసి ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు కూడా తెచ్చుకోకండి. ఒంటరితనం ఓర్చుకోలేడు.

తిండి దగ్గర లొంగని పగ్‌ను నేను చూడలేదు. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ "పాపం, చూస్తున్నాడు" అని జంతిక ముక్క విసురుతారు. వద్దంటే మనమే పీనాసులం. అర కిలో పెరిగినా ఊపిరి మీదే పడుతుందని ఎంతమందికి చెప్పను? పుట్టినరోజు టోపీ పెట్టి, కోటు తొడిగి, నాలుక బారెడు బయటపెట్టిన ఫోటో పెట్టి "నవ్వుతున్నాడు" అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వు కాదది, కోటు విప్పండి.

పిల్లను చూడటానికి మిట్టమధ్యాహ్నం వెళ్ళండి, ఏసీ గదిలో చూపిస్తే ఒప్పుకోకండి. తల్లిని చూపించమనండి, వీలైతే తండ్రినీ. పిల్లను ఐదు నిమిషాలు ఆడించి, టీవీ ఆపించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి చప్పుడు వినండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నుంచి మన దేశంలో నిబంధన ఉంది, ఆ మాట ఎత్తితే సగం మంది అమ్మకందార్లు మీతో బేరం మానేస్తారు. మంచిదే. మూతి బయటికి వచ్చిందని పక్కకు నెట్టిన పిల్ల ఏదైనా ఉందా అని అడిగి, ముందు దాన్ని చూడండి. మా వాడి తోబుట్టువును ఎవరు తీసుకెళ్ళారో నాకు ఇప్పటికీ తెలియదు.

తోక చుట్టల గురించి అడిగారు కదా. రెండు చుట్టలు తిరిగితే గొప్ప అంటారు. మా వాడిది ఒకటిన్నర. గాఢంగా నిద్రపోయినప్పుడు అదీ విడిపోయి, మామూలు కుక్కతోకలా గచ్చు మీద పడి ఉంటుంది.