సరిహద్దు మూసేస్తే లాభమేనా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తున్నాను. బంగ్లాదేశ్ సరిహద్దును పూర్తిగా మూసేస్తేనే దేశానికి రక్షణ, లాభం రెండూ దక్కుతాయని మా మిత్రులు గట్టిగా వాదిస్తున్నారు. ఆ దేశానికి సరకు పంపే ఎగుమతిదారులు నా దగ్గర కొంటారు కనుక నాకు దిగులుగా ఉంది, కానీ వారి మాటను తోసిపుచ్చలేకపోతున్నాను. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ మిత్రులు రెండు వేర్వేరు పనులను కలిపి చూస్తున్నారు. అనుమతి లేని రాకపోకలనూ దొంగ రవాణానూ అరికట్టడం ఒకటి, సుంకం కట్టి కాగితాలు చూపిన సరకును త్వరగా దాటించడం మరొకటి. 4,096 కిలోమీటర్ల ఆ సరిహద్దులో మొదటి పనిని ఎంత పకడ్బందీగా చేసినా రెండవది ఆగవలసిన అవసరం లేదు. అస్సాం వంటి రాష్ట్రాల్లో వలసల గురించి ప్రజలకున్న ఆందోళన నిజమైనది, దానిని తేలిక చేయకూడదు. అయితే దానికి మందు మిర్చి లారీని ఆపడం కాదు.

ఇరుదేశాల భూమార్గ వాణిజ్యంలో ఎక్కువ భాగం పశ్చిమ బెంగాల్‌లోని పెట్రాపోల్, దాని అవతలి బెనాపోల్ గుండా సాగుతుంది. అక్కడ సరకు సరిహద్దు దాటడానికి 138 గంటలు పడుతోందనీ, అందులో ఒక లారీ నుంచి మరో లారీకి మార్చడానికే 28 గంటలు పోతున్నాయనీ, దాదాపు అంతే రద్దీ ఉండే తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో 6 గంటలు కూడా పట్టడం లేదనీ ప్రపంచ బ్యాంకు 2021లో లెక్క చెప్పింది. ఇది తెరిచి ఉన్న సరిహద్దు సంగతి! లారీ నిలిచిన రోజులకు పడే అద్దెను ఎగుమతిదారు ముందే లెక్కవేసుకుని యార్డులో ధర చెబుతాడు కనుక, ఆ భారంలో కొంత చివరికి రైతు మీదే పడుతుంది.

మార్గం మూసుకుపోతే ఏమవుతుందో మీ ఊరు 2020లోనే చూసింది. లాక్‌డౌన్‌లో లారీలు కదలక సరకు నిలిచిపోయినప్పుడు, జులైలో రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కు 384 టన్నుల ఎండుమిర్చితో ప్రత్యేక పార్సిల్ రైలు వెళ్ళింది. రోడ్డు మీద టన్నుకు దాదాపు 7,000 రూపాయలయ్యే ఖర్చు రైలులో 4,608 రూపాయలకు దిగింది.

మూసివేతతో ఎవరికీ లాభం లేదని మాత్రం అనను. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ మన నూలు భూమార్గాన రాకుండా ఆపినప్పుడు వారి స్పిన్నింగ్ మిల్లులు సంతోషించాయి. మే నెలలో మన ప్రభుత్వం వారి రెడీమేడ్ దుస్తులను కోల్‌కతా, నవశేవా ఓడరేవులకే పరిమితం చేసినప్పుడు మన దుస్తుల తయారీదారులు హర్షించారు. కానీ ఆ లాభం కొందరిది, నష్టం మాత్రం లారీ యజమానులు, సరిహద్దు హమాలీలు, మన నూలు మిల్లుల వంటి అనేకమందికి పంచబడింది. ఆ నష్టం దూరాన ఉన్నవారికి కనిపించదు కాబట్టే మూసివేత కోరిక అక్కడ అంత బలంగా వినిపిస్తుందని నా అభిప్రాయం. కంచె పక్కనే బతికేవారి కోసం రెండు ప్రభుత్వాలూ 2011లో మేఘాలయలోని కలైచర్ దగ్గర సరిహద్దు సంతను తెరిచాయి. కాపలా ఉండగానే స్థానికులు అక్కడ సుంకం లేకుండా అమ్ముకుని కొనుక్కునే ఏర్పాటు అది.

మీ వరకు చేయదగినది ఒకటుంది. సరకంతా ఒకే దేశానికి, ఒకే దారిన పంపే కొనుగోలుదారు మీదే ఆధారపడకండి. రైలు, ఓడ మార్గాలు కూడా వాడే ఎగుమతిదారులతో ఇప్పటినుంచే లావాదేవీలు పెంచుకోండి.