నవల చదివే తీరు: అమ్మలుకు పెద్దమ్మ ఉత్తరం

సత్యనారాయణపురం,
విజయవాడ.

చి.ల.సౌ. అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లాడు నిద్రపోయాక రాత్రిపూట గంటసేపు నీకంటూ దొరుకుతోందని రాశావు. ఆ గంటలో ఫోను చూస్తే తల బరువెక్కుతోందనీ, మనసు తేలికపడే ప్రేమకథలు, ఆడవాళ్ల నవలలు చదవాలని ఉందనీ, తీరా మొదలుపెడితే ముప్ఫై పేజీల దగ్గర పక్కన పడేస్తున్నాననీ అన్నావు. మొన్న ఆదివారం పట్టుబట్టి పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒకటి పూర్తిచేస్తే చెప్పిందే చెప్పినట్టుందని విసుగొచ్చిందట. లోపం నీలో లేదు, నవలలోనూ లేదు. వారానికి కాస్త చొప్పున చదువుతారని రాసిన కథని నువ్వు ఒక్క పూటలో మింగావు.

1960, 70లలో మన రచయిత్రులు రాసిన నవలల్లో చాలాభాగం ముందు పత్రికల్లో సీరియల్‌గా వచ్చి, తర్వాత పుస్తకాలయ్యాయి. సీరియల్ రాసేవాళ్లకి ప్రతి వారం రెండు పనులుంటాయి. పోయిన వారం కథ మరిచిపోయిన మనిషికి గుర్తుచెయ్యాలి, వచ్చే వారం దాకా ఆమె ఆలోచన కథమీదే ఉండేలా ఆపాలి. అందుకే ప్రకరణం మొదట్లో జరిగిన సంగతే మళ్లీ వస్తుంది. చివర్లో టెలిగ్రామో, తలుపు చప్పుడో, ఎవరో కళ్లు తిరిగి పడిపోవడమో ఉంటుంది. వారం ఎడంతో చదివినప్పుడు ఆ పునరుక్తి సాయం. వరసగా చదివితే అదే భారం. పది మలుపులు ఒకేరోజు తగిలితే పదకొండోది నిన్ను కదిలించదు.

కాబట్టి రాత్రికి ఒక ప్రకరణం, మహా అయితే రెండు. తెలుగు పేజీకి సుమారు రెండు నిమిషాలు వేసుకో. గంటలో ముప్ఫై పేజీలు, రెండొందల పేజీల నవల వారంలో అయిపోతుంది. అంతకంటే తొందర వద్దు. ఆపేటప్పుడు మాత్రం ప్రకరణం చివర ఆపకు. గాలం ఉండేది అక్కడే. "ఇంకొక్కటి" అనుకుంటూ పన్నెండు దాటిస్తావు, పొద్దున పిల్లాడి క్యారేజీ కట్టడానికి లేవలేవు, రెండోరోజు పుస్తకం మీదే కోపం వస్తుంది. ప్రకరణం మధ్యలో, ఇద్దరు మనుషులు మామూలుగా మాట్లాడుకునే చోట మూసెయ్. మర్నాడు అక్కణ్ణుంచి అందుకోవడం కూడా తేలిక.

ముప్ఫై పేజీల దగ్గర ఆగిపోవడం వేరే జబ్బు. ఈ నవలల్లో ముందు ఇల్లు పరిచయమవుతుంది: మేనత్తలు, పిన్నత్తలు, పక్కింటివాళ్లు, పేరొకటి పిలుపొకటి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియకుండా పేజీలు తిప్పితే కథ జారిపోతుంది. పుస్తకంలో గుర్తుకోసం పెట్టుకునే కాగితం మీదే చుట్టరికాలు రాసుకో, ఎనిమిది పేర్లు చాలు. ఇక అరవయ్యో పేజీ వచ్చేసరికి కథానాయిక తనకంటూ ఏదీ కోరుకోకపోతే, చదువో, ఉద్యోగమో, ఒక మనిషో, ఇల్లొదిలి వెళ్లడమో, ఏదీ లేకపోతే ఆ పుస్తకం మానెయ్. పూర్తిచెయ్యాలన్న పంతం అక్కర్లేదు.

అసలు చూడాల్సింది కూడా అదే, అమ్మలూ. చాలామంది కథానాయకుడి వెంట పరిగెడతారు. అతని పొడుగు, కారు, మేడ, తక్కువ మాటలు. అవన్నీ ముచ్చటే, ఆనందించు. కానీ మనసుకి ఆసరా ఇచ్చేది ఆ పిల్ల తీసుకునే నిర్ణయాలు. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి నవలలు ఇన్నేళ్లుగా చేతులు మారుతున్నాయంటే ఆ కార్లవల్ల అనుకోను. 'సెక్రటరీ'లో జయంతి జీతంమీద బతికే పిల్ల, ఎదుట ఉన్నది యజమాని. ఆమె ఎక్కడ తలొంచింది, ఎక్కడ వంచలేదు, దానికి ఏం పోగొట్టుకుంది అని చూస్తూ చదువు. 'మీనా'లో డబ్బున్న ఇంట అమ్మ చెప్పినట్టల్లా పెరిగిన అమ్మాయికి పల్లెలో వ్యవసాయం చేసుకునే బావ మీద మనసు కలుగుతుంది. అందులో ప్రేమ ఎంత ముఖ్యమో, అమ్మ మాటకి మొదటిసారి ఎదురు చెప్పడం అంత ముఖ్యం. ఆ చోటు కనిపెట్టి చిన్న కాగితం పెట్టుకో. ఆత్మాభిమానమున్న అమ్మాయి, అహంకారమున్న ధనవంతుడు, మధ్యలో అపార్థం అనే ఈ అల్లిక కొత్తది కూడా కాదు. జేన్ ఆస్టెన్ 1813లోనే 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో దాన్ని అందంగా అల్లింది.

అపార్థాలు చూసి "ఒక ఫోను చేస్తే పోయేదానికి ఇన్ని పేజీలా" అని నీకు అనిపించి ఉంటుంది. ఆ రోజుల్లో ఇళ్లల్లో ఫోను అరుదు. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసి కూర్చోవాలి, ఉత్తరం వేరేవాళ్ల చేతికి చిక్కితే సంగతి అక్కడితో ఆగిపోయేది. పెళ్లికాని పిల్ల మగవాడితో ఎదురుగా మాట్లాడటమే పెద్ద విషయం. ఆ కాలంలోకి వెళ్లి చదివితే అపార్థం నమ్మదగ్గట్టే ఉంటుంది. అయినా ఒక లెక్క పెట్టుకో: నిజం తెలియనివ్వనిది పరిస్థితా, మనిషి అహమా? అహమైతే ఆ మనిషి చివర్లో క్షమాపణ చెప్పాడా, చేతల్లో మారాడా? మారకుండానే ఆమె సర్దుకుపోయి ముగిసిన కథ ఎంత తియ్యగా ఉన్నా నాకు మంచి ముగింపనిపించదు.

పాత నవలల్లో ఇంకొకటి కనిపిస్తుంది. చెంపదెబ్బ, చెయ్యి మెలిపెట్టి లాగడం, ఆమె వద్దన్నా వెంటపడటం, వీటిని ప్రేమ గాఢతగా రాసినవి ఉన్నాయి. అక్కడ చదువు ఆపక్కర్లేదు గానీ తప్పుని తప్పుగా చూడు. మీ ఆడపడుచు కూతురు పదో తరగతన్నావుగా, ఆ పిల్లకి అలాంటి పుస్తకం ఇస్తే ఆ పేజీల గురించి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడి ఇవ్వు. మాట్లాడకుండా చేతిలో పెట్టొద్దు.

ఏ రోజు ఏది చదవాలన్నది కూడా చూసుకో. ఆడవాళ్లు రాసినవన్నీ హాయిగా ముగియవు. రంగనాయకమ్మ 'బలిపీఠం' గొప్ప నవల, కానీ ఆశతో మొదలైన పెళ్లి విరిగిపోయే కథ. ఒంట్లో బాగోనప్పుడు, ఇంట్లో మాటలు పడినప్పుడు అది తియ్యకు. అప్పుడు ఆవిడదే 'స్వీట్ హోమ్' తీసుకో. విమల, బుచ్చిబాబుల కాపురం నవ్విస్తూనే ఆలోచింపజేస్తుంది. మనసు నిబ్బరంగా ఉన్నప్పుడు డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' చదువు. అందులో ఇందిరని మొదట్లోనే మంచిదా చెడ్డదా అని తేల్చెయ్యకు. ఇల్లు గడపాల్సిన భారం ఎవరి నెత్తిన ఉందో చూస్తూ వెళ్తే ఆ పిల్ల నీకు అర్థమవుతుంది. దానికి నెల పట్టినా పరవాలేదు.

సినిమా అయిన నవలైతే పుస్తకమే ముందు. కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి'గా వచ్చింది, ఆవిడదే 'ప్రేమనగర్' 1971లో, సులోచనారాణి 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో. తెర చూసి పుస్తకం తెరిస్తే నటుల ముఖాలే కళ్లముందు కదులుతాయి, నీ ఊహకి చోటుండదు. పైగా రెండున్నర గంటల్లో పట్టించడానికి కథానాయిక లోపలి ఆలోచనలే ముందు కోత పడతాయి. ఈ నవలల బలమంతా అక్కడే ఉంది.

ఇక పుస్తకాల సంగతి. కొత్తవి కావాలంటే ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర పుస్తకాల షాపు ఉంది, జనవరి మొదట్లో బెజవాడ పుస్తకాల పండగ ఉంది. పాతవాటికి లెనిన్ సెంటర్. మీ గుంటూరులో బృందావన్ గార్డెన్స్ అన్నమయ్య గ్రంథాలయానికి ఒకసారి వెళ్లు, పాత పుస్తకాలు అక్కడ దండిగా ఉన్నాయి. ఏదీ నిర్ణయించుకోలేకపోతే ఒక నెల స్వాతి మాసపత్రిక కొను. దాంతో అనుబంధ నవల వస్తుంది. చిన్నది, రెండు మూడు రాత్రుల్లో అవుతుంది, చదివే అలవాటు మళ్లీ పట్టడానికి మంచిది.

పాత పుస్తకం కొనేటప్పుడు అట్ట చూసి మోసపోకు. మామూలు నవల సైజు పుస్తకాల్లో సాధారణంగా ఫారానికి, అంటే కలిపి మడిచి కుట్టే ఒక్కో కట్టకి, పదహారు పేజీలు. కుట్టు తెగితే ఫారం మొత్తం పోతుంది. అందుకని 16, 17 పేజీల మధ్య, 32, 33 మధ్య, 48, 49 మధ్య అలా చివరిదాకా తిప్పి చూడు. ఒక ఫారం రెండుసార్లు పడి ఇంకొకటి లేకపోవడం కూడా కద్దు. చివరి పేజీ తప్పకుండా చూడు, ఎక్కువగా చిరిగేది అదే, కానీ కథ చదవకుండా కళ్లు పైపైన పోనివ్వు. 'మీనా'లాంటివి రెండు భాగాలు, రెండూ దొరికితేనే కొను. పక్కన పిన్నులు కొట్టిన పుస్తకాన్ని పూర్తిగా విప్పి బోర్లా పెట్టావంటే వెన్ను విరుగుతుంది. ఇంటికి తెచ్చాక ఎండలో పెట్టకు, కాగితం ఇంకా పెళుసవుతుంది. నీడలో, ఫ్యాను గాలికి ఒకరోజు పేజీలు విచ్చదీసి నిలబెట్టు. బీరువాలో ఎండిన వేపాకు వెయ్యి, పచ్చి ఆకు వేస్తే చెమ్మ పడుతుంది. కలరా ఉండలైతే పిల్లాడికి అందని చోటే.

ఇంగ్లీషువి చదవాలనుందన్నావు. మొదట అట్ట వెనక చదివి ఏ రకమో పోల్చుకో. రొమాన్స్ అని వేసినదాంట్లో ప్రేమకథే కేంద్రం, ముగింపు సంతోషంగా ఉంటుంది. చదివేవాళ్లతో ప్రచురించేవాళ్లకున్న ఒప్పందమది. విమెన్స్ ఫిక్షన్ అంటే కథానాయిక జీవితం కేంద్రం. ప్రేమ ఫలించవచ్చు, ఫలించకపోవచ్చు. స్నేహం, తల్లీకూతుళ్ల సంగతి, మళ్లీ మొదలుపెట్టిన ఉద్యోగం, ఇలాంటివి ఎక్కువ. ఇన్‌స్పిరేషనల్ రొమాన్స్ అని ఉంటే చాలావరకు క్రైస్తవ విశ్వాసం కథలో భాగంగా ఉంటుంది, వ్యక్తిత్వ వికాసమనుకుని కొనొద్దు. శృంగార వర్ణనలు లేకుండా కుటుంబం, ఊరు చుట్టూ నడిచేవి కావాలంటే హార్లెక్విన్ అనే ప్రచురణ సంస్థ వేసిన హార్ట్‌వార్మింగ్ వరస నవలలు చూడు. ఇంగ్లీషు అంటే జంకుంటే మాలతీ చందూర్ 'పాత కెరటాలు' సంపుటాలు తెచ్చుకో. పాశ్చాత్య నవలల కథలు ఆవిడ తెలుగులో చక్కగా చెప్పారు. ముగింపు కూడా చెప్పేస్తారు కాబట్టి, ఏదైనా నచ్చి అసలు నవల చదవాలనుకుంటే ఆ వ్యాసం సగంలో ఆపు.

మీ అత్తయ్యకి శుక్లాల ఆపరేషన్ అయ్యేదాకా చదవడం కుదరదని బాధపడుతున్నారన్నావు కదా. సెలవురోజు మధ్యాహ్నం పది పేజీలు పైకి చదివి వినిపించు. సంభాషణలు ఎక్కువున్న ప్రకరణం చూసుకో, వర్ణనలు పైకి చదివితే సాగదీసినట్టుంటాయి. ఈ పనికి మాత్రం ప్రకరణం చివరే ఆపు. వారమంతా ఆవిడ నిన్ను తర్వాతేమైందని అడుగుతారు, నీకన్నా ఆవిడకే కథ గుర్తుంటుంది.

శనివారం మీ బాబాయి గుంటూరు వస్తున్నారు, 'మీనా' రెండు భాగాలూ ఆయనతో పంపుతున్నాను. రెండోదానికి వెనక అట్ట ఊడింది, గమ్ముటేపు అంటించకు, జిగురు కాగితాన్ని పచ్చగా మార్చేస్తుంది. మైదాపిండి జిగురు పల్చగా రాసి, పైన బరువుపెట్టి రాత్రంతా ఉంచు. మొదటి భాగం అయ్యాకే రెండోది తెరువు.

ఇట్లు,
మీ పెద్దమ్మ